చదరంగపు బల్లమీది మహాసంఖ్య



ఈనాటి ప్రసంగమునకు విషయము ఒకే యొక సంఖ్య. దానిని వ్రాయుటకు ఇరువది అంకెలు కావలెను: 1,84,46,74,40,73,70,95,51,615. కాగితము, కలము దగ్గరనున్నవారు వ్రాసికొనవచ్చును. లేనివారికై నోటితో చదివెదము: ఒక లక్ష ఎనుబది నాలుగు వేల నాలుగు వందల అరువది యేడు కోటికోట్లు, నలుబది నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బది కోట్లు, ఆపైన తొంబది యైదు లక్షల ఏబది యొక వేయి ఆరువందల పదునైదు.

భాస్కరాచార్యుడు లీలావతిలో ఏకము, దశము, శతము మొదలుకొని పరార్ధము వరకు పదునెనిమిది స్థానములకు పేర్లు చెప్పినాడు. ఆ పదునెనిమిదియు ఈ సంఖ్యకు చాలవు. ఇది 184 పరార్ధములను మించినది. ఇంత పెద్దదైనను తెలుగువారికి ఇది పరాయి సంఖ్య కాదు. మన పూర్వులు దీనిని లెక్కించి, సరిచూచి, పద్యమున బంధించి మనకు విడిచిపోయినారు.

ఈ సంఖ్య చదరంగముతో ముడివడినది. చదరంగమును కనిపెట్టిన పండితునకు రాజు వరమిచ్చిన కథను మీలో పలువురు వినియే యుందురు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధముగా గడిగడికి రెట్టింపుచేసి అరువది నాలుగు గళ్లకును సరిపడు ధాన్యమిప్పింపుమని ఆ పండితుడు కోరెను. ఇంతేనా యని రాజు నవ్వి ఒప్పుకొనెను. 13వ శతాబ్దికి చెందిన అరబ్బు రచయిత ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథను వ్రాసియుంచినాడు. కథ జరిగినదో లేదో మనకు ముఖ్యము కాదు. ఆ గింజల మొత్తమే మనము పైన చదివిన సంఖ్య.

మొత్తమును కనుగొనుటకు అరువది నాలుగు సంఖ్యలను వరుసగా కూడనక్కరలేదు. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు: మొత్తము మూడు. మూడవ గడిలోనివి నాలుగు. అనగా వెనుకటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ. మూడు గళ్ల మొత్తము ఏడు. నాలుగవ గడిలోనివి ఎనిమిది. ప్రతి గడియు తనకు ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె ఒక గింజ ఎక్కువ కలదియై యుండును. కావున అరువది యైదవ గడి యొకటి యున్నచో దానిలో ఎన్ని గింజలుండునో లెక్కించి, ఒకటి తీసివేసిన చాలును. రెండును అరువది నాలుగు మార్లు వేసి గుణించి ఒకటి తగ్గించుట యన్నమాట. ఇట్టి వరుసల మొత్తమును మన గణితజ్ఞులు గుణసంకలితమనిరి.

ఇక ఈ లెక్కను పుస్తకమునుండి కళ్లమునకు దింపుదము. మా నెమలి గ్రామము తిరువూరు ప్రాంతమందలిది. వేణుగోపాలస్వామి ఆలయమువలన దూరపువారికిని పేరు తెలిసిన యూరు. గింజలనగా మాకు కథలోని వస్తువులు కావు. బస్తాలు, కాటాలు, అప్పులు, తీరుబడులు అన్నియు వానితోనే. గ్రాము తూకమునకు ఏబది బియ్యపు గింజలని స్థూలముగా అనుకొందము. ఇంట నున్న ఇరువది యైదు కిలోల బియ్యపు సంచిని విప్పి బల్లమీద పెట్టనారంభించితిమేని, ఇరువది గళ్లకు సుమారు ఇరువది యొక్క కిలోలు పట్టును. సంచిలో మిగిలినవి నాలుగు కిలోలు. ఇరువది యొకటవ గడి యొక్కటే మరి ఇరువది యొక్క కిలోలు కోరును. ఆ వంటయింటి లెక్క అక్కడితో సరి.

ఊరంతయు పూనుకొన్న నేమగును? బల్లలో సగము, అనగా ముప్పది రెండు గళ్లు నింపుటకు కావలసినవి 429,49,67,295 గింజలు. తూకమున అవి 86 టన్నులకు సమీపము. ఎకరమునకు 75 కిలోల బస్తాలు ముప్పది పండెననియు, వడ్లలో మూడింట రెండు పాళ్లు బియ్యమగుననియు అనుకొన్నచో, ఎకరమునకు ఒకటిన్నర టన్ను బియ్యము. అనగా ఏబది యేడెనిమిది ఎకరముల పంట. నెమలి వంటి గ్రామము తలచుకొన్న ఇచ్చివేయగలదు. రాజు నవ్వుటలో తప్పేమియు లేదు. సగము బల్లవరకు ఆ వరము గ్రామమునకు లోబడినదే.

రెండవ సగమున గణితము తన నిజరూపమును చూపును. ముప్పది మూడవ గడి యొక్కటే మరల 86 టన్నులు. ముప్పది నాలుగవది 172 టన్నులు. అట్లు సాగి సాగి, బల్ల నిండునప్పటికి సుమారు 36,900 కోట్ల టన్నులు కావలెను. ఇటీవలి సంవత్సరములలో భూలోకమంతట ఏడాదికి పండుచున్న బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైమాట. ప్రపంచమందలి రైతులందరును ఒక గింజయైన తినక, సుమారు ఏడు వందల యేండ్లు పండించి రాజునకు సమర్పించినగాని ఆ మాట చెల్లదు. మొదటి సగము ఒక యూరి పంట. రెండవ సగము లోకమే మోయలేని బరువు. రెండింటికిని నడుమ నున్నది ఒక గీత మాత్రమే.

ఈ సంఖ్యను తెలుగున ఛందోబద్ధము చేసిన పద్యము పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైనది. మల్లన నన్నయ యుగమునకు చేరువవాడు. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని మల్లన తెలుగు చేసినాడు. పావులూరి గణితమని లోకము పిలుచునది అదియే. పురాణేతిహాసములు తెలుగున పుట్టుచున్న తొలినాళ్లలోనే లెక్కల పుస్తకమును తెలుగు పద్యములలో వెలసినదనుట మనము గర్వించదగిన విషయము. మహావీరుడు స్థానములకు ఇరువది నాలుగు పేర్లు చెప్పినాడు, చివరిది మహాక్షోభము. కావున మల్లన చేత నున్న మూలగ్రంథమునందు మన ఇరువది యంకెల సంఖ్యకు చోటును కలదు, పేరును కలదు.

పద్యమున ఇరువది అంకెలను ఎట్లిమిడ్చిరని అడుగవచ్చును. దానికి భూతసంఖ్యలను వాడిరి. చంద్రుడొక్కడే గనుక చంద్రుని పేరేదైనను ఒకటి. కన్నులు రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు ఐదు, ఋతువులు ఆరు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, దేహమందలి రంధ్రములు తొమ్మిది, ఆకాశము శూన్యము గనుక సున్న. అంకెలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడపుట సంప్రదాయము. ఆ పద్యము బాణమునకు పర్యాయపదముతో మొదలై, ఇరువదవ స్థానమున చంద్రునితో ముగియును. మన సంఖ్య కుడికొస యైదు, ఎడమకొస ఒకటి యని గమనింపుడు.

ఇది కేవలము వినోదము కాదు. తాటియాకుమీద అంకె చెరిగిన మరల తెలిసికొనుట కష్టము. ఒక గీత తేడాతో ఒకటి మరియొకటిగా మారిపోవును. పద్యమున ఒక పదము జారిన గణము చెడును, యతి తప్పును, చదువువాడు వెంటనే పట్టుకొనును. ఛందస్సు ఇచ్చట సంఖ్యకు కావలికాయుచున్నది.

ఆ పద్యము చంపకమాల. పాదమునకు ఇరువది యొక్క అక్షరములు. ప్రతి యక్షరము గురువో లఘువో కావలెను. అనగా ఒక్కొక్క యక్షరమునకు రెండు దారులు. ఇరువది యొక్క అక్షరములకు రెట్టింపులు వేసిన 20,97,152 విధముల పాదములు సాధ్యము. మన బల్లమీద ఇరువది రెండవ గడిలోని గింజలు సరిగా అన్నియే! ఆ విధములను వరుసగా వ్రాయుటకు ప్రస్తారమని పేరు; వానిలో ఒక వృత్తము ఎన్నవదో చెప్పుటకు ఉద్దిష్టమని పేరు. చదరంగపు గళ్లలో పద్యపాదమును పరచి ఈ ఉద్దిష్టమును మనమే చేయవచ్చును. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు. గురువులు 5, 7, 11, 14, 17, 19, 21 స్థానములందు వచ్చును, తక్కినవి లఘువులు. గురువున్న గళ్లను విడిచి, లఘువున్న గళ్లలోని గింజలను మాత్రము కూడుడు. మొత్తము 7,11,599 అగును. దానికి ఒకటి చేర్చిన 7,11,600. మన ఛందోగ్రంథములు చంపకమాలను 7,11,600వ వృత్తమనుట ఈ లెక్కవలననే. బల్లమీది మొత్తమును చెప్పిన పద్యము తానును ఆ బల్లమీది రెట్టింపులతోనే లెక్కకు వచ్చుచున్నది.

ఈ మార్గమును మనకు చూపినవాడు ఛందశ్శాస్త్రకర్తయైన పింగళుడు. రెండును పలుమార్లు గుణింపవలసివచ్చినపుడు, ఒక్కొక్కమారే గుణింపక, వర్గము చేయుచు పోవలెనని ఆయన సూత్రము. రెండు వర్గము నాలుగు. నాలుగు వర్గము 16. దాని వర్గము 256. దాని వర్గము 65,536. దాని వర్గము 429,49,67,296. దీనిని మరొక్కమారు తనతో తాను గుణించిన అరువది యైదవ గడి వచ్చును. ఆరు గుణకారములతో పని ముగిసినది. 11వ శతాబ్ది పండితుడైన అల్ బిరూనీయు చదరంగపు లెక్కను ఇట్లు వర్గముల మార్గముననే సాధించెను.

సాధించినది సరియో కాదో చూచుకొనవలదా? అంకెలను కూడి తొమ్మిదిచేత భాగించుటను పాతకాలపు బడులలో నేర్పుచుండిరి. 429,49,67,296 అంకెల మొత్తము 58. తొమ్మిదిచేత భాగింప శేషము 4. నాలుగు వర్గము 16, శేషము 7. కడపటి వర్గమునకును శేషము 7 రావలెను. ఒకటి తీసివేయగా మన సంఖ్యకు 6 రావలెను. మన సంఖ్య ఇరువది అంకెలను కూడి చూడుడు: 87. తొమ్మిదిచేత భాగింప శేషము 6. పరీక్ష నెగ్గినది. ఈ పరీక్ష అంకెలు తారుమారైనపుడు పట్టుకొనలేదు గాని, ఒక అంకె తప్పిన సాధారణముగా పట్టుకొనును. 87ను మూడు భాగించును గాని తొమ్మిది భాగింపదు. కావున మన సంఖ్యను మూడు ఒక్కమారే భాగించునని కూడ తెలిసినది.

ఇక దీని అంతర్నిర్మాణమును పరికింతము. ఒక వర్గమునుండి ఒకటి తీసివేసినచో, అది మూలముకంటె ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధమగును. ఎనిమిది వర్గము 64. ఒకటి తీసిన 63. అది ఏడు తొమ్మిదుల లబ్ధము. ఈ సూత్రమును మన సంఖ్యకు పదే పదే ప్రయోగించిన ఒక చక్కని వింత కానవచ్చును. పైన మనము ఎక్కిన మెట్లు 2, 4, 16, 256, 65,536, 429,49,67,296. ఒక్కొక్క మెట్టునకు ఒకటి కలిపి ఆరింటిని గుణించిన మన మహాసంఖ్య వచ్చును. అవి 3, 5, 17, 257, 65,537, 429,49,67,297.

వీనిలో మొదటి ఐదును ప్రధాన సంఖ్యలు; అనగా ఒకటియు తామును తప్ప వేరు భాజకములు లేనివి. 1640లో ఫ్రాన్సు దేశీయుడైన ఫెర్మా ఇట్టి సంఖ్యలన్నియు ప్రధానములే యగునని తలచెను. సుమారు వంద యేండ్లు గడచినపిమ్మట, 1732లో ఆయిలర్ ఆరవదానిని విడగొట్టి చూపెను: 641ని 67,00,417చేత గుణించిన 429,49,67,297 వచ్చును. కావున రాజు ఇయ్యవలసిన గింజల సంఖ్యకు ప్రధాన భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదియు రెండుమారులు రాదు. ఏడింటిలో ఒక్కొక్కదానిని కలుపుకొనుటయో విడుచుటయో అని రెండు దారులు గనుక మొత్తము భాజకములు 128. మరల రెట్టింపులే! ధాన్యమును సమభాగములుగా పంచుటకు 128 విధములు కలవు. ఏడుగురికి గాని పదునొకండుగురికి గాని సమముగా పంచుటకు మాత్రము వీలులేదు.

ఫెర్మా సంఖ్యలకు మరియొక ప్రయోజనమును 1796లో గౌస్ కనుగొనెను. అప్పటికాయనకు పదునెనిమిదేండ్లు. వృత్తలేఖిని, గుర్తులులేని కొలబద్ద, ఈ రెండే సాధనములతో పదునేడు సమభుజముల ఆకృతిని గీయవచ్చునని నిరూపించెను. ఫెర్మా ప్రధానములను ఒక్కొక్కమారు గుణించగా వచ్చిన బేసి సంఖ్యలకు ఇది చెల్లును. నేటివరకు తెలిసిన అట్టి ప్రధానములు పైన చెప్పిన యైదే. ఐదింటిని గుణించిన 429,49,67,295. ఇది ఎచ్చటనో విన్న సంఖ్యవలె నున్నదా? సగము బల్లలోని గింజల లెక్క ఇదియే. ఆ రెండు సాధనములతో గీయదగిన బేసి భుజముల ఆకృతులలో నేటికి తెలిసిన అతి పెద్దదానికి భుజములన్ని.

మన సంఖ్య కాశీకిని వెళ్లివచ్చినది. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ ఒక ఆటవస్తువును ప్రచురించెను. మూడు కంబములు, ఒకదానిపై పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చునట్లు పేర్చిన బిళ్లలు. ఒక్కొక్క బిళ్లనే తీయుచు, చిన్నదానిపై పెద్దదానిని పెట్టక, అన్నిటిని మరియొక కంబమునకు చేర్చవలెను. కాశీలోని ఒక ఆలయమున అరువది నాలుగు బంగారు బిళ్లలతో పూజారులు రేయింబవళ్లు ఈ పని చేయుచున్నారనియు, అది ముగిసిననాడు ప్రళయమనియు కథ నల్లినారు. కావలసిన కదలికలు మన సంఖ్యకు సరిగా సమానము. క్షణమున కొకటి చొప్పున కదపినను 58,000 కోట్ల యేండ్లకు పైగా పట్టును. మన పురాణగణనలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల యేండ్లు. అట్టి పగళ్లు 135 గడచినగాని ఆ బిళ్లలు చేరవు. కాశీవాసులు నిశ్చింతగా నుండవచ్చును.

ఇంతటి సంఖ్య నేడు మన జేబులోనికి వచ్చినది. గణనయంత్రములు, చేతిఫోనులు పింగళుని పాదమువలెనే ఒకటి, సున్న యను రెండు గుర్తులతోనే పనిచేయును. నేటి యంత్రములలో పెక్కు ఒక సంఖ్యకు అరువది నాలుగు స్థానములు కేటాయించును. అరువది నాలుగు స్థానములందును ఒకటి నిండిన, అనగా అన్నియు లఘువులే యైన పాదము వంటిదైన, అదియే మన మహాసంఖ్య. ఆ స్థానములలో పట్టు అతి పెద్ద పూర్ణసంఖ్య. దానికి మరొక్కటి చేర్చిన స్థానములు చాలక అన్నియు సున్నలగును. యంత్రమును ఎరుగని కాలమున మల్లన పద్యము చెప్పినదియు, యంత్రము తన యెల్లగా గీసికొన్నదియు ఒకే సంఖ్య.

ఇదంతయు వినుట కింపుగానున్నది గాని, మా వంటి పల్లెవాసులకేమి ప్రయోజనమని కొందరడుగుదురు. ప్రయోజనము కలదు. విత్తనములకో, బోరుబావికో, బిడ్డ పెండ్లికో పదివేల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినామనుకొందము. బారువడ్డీ యైన పదియేండ్లకు అసలుతో కలిసి 46,000. వడ్డీమీద వడ్డీ కట్టు చక్రవడ్డీ యైన, ఇరువది నాలుగు నెలలలో అప్పు రెట్టింపు దాటును. రెండేండ్లకు ఇరువది వేలు, నాలుగేండ్లకు నలుబది వేలు, ఆరేండ్లకు ఎనుబది వేలు, ఎనిమిదేండ్లకు లక్షా అరువది వేలు, పదియేండ్లకు మూడు లక్షల ఇరువది వేలు పైగా. రెండు పత్రములమీదను వ్రాసిన వడ్డీ మూడు రూపాయలే. తేడా అంతయు రెట్టింపులో నున్నది. మొదటి రెండేండ్లలో చూచిన రెండును దగ్గర దగ్గరగనే కనబడును. 17,200 ఒకటి, 20,000 రెండవది. నోటుమీద వ్రేలిముద్ర వేయునాడు మనము చూచునది ఎప్పుడును బల్లలోని మొదటి గళ్లనే.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి యొకటి. చదరంగపు బల్లయో, పలకమీద గీసిన గళ్లో, గుప్పెడు చింతగింజలో పిల్లలముందుంచి రెట్టింపులు పెట్టనిండు. ఎనిమిదవ గడికే నూట ఇరువది యెనిమిది కావలెను. చేట నిండును, ఆట ఆగును. ఆగిన చోటనుండి పలకమీద లెక్క మొదలుపెట్టనిండు. రాజునకు ధాన్యము తక్కువయై అవమానము కలుగలేదు. మాట యిచ్చుటకు ముందు ఆరు గుణకారములు చేయక కలిగినది. ఆ ఆరు గుణకారములు మన యిండ్లలో ఐదవ తరగతి చదువు బాలికయైనను చేయగలదు. అప్పుపత్రము ఇంటికి వచ్చినపుడు ఆమెను పిలిచి, సంతకమునకు ముందు లెక్క వేయించుడు.